చేపా కప్పా ఒకే ఇంట్లో

ఇంట్లో అద్దాల తొట్టి ఉందని తెలిసిన ప్రతివాడూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "సగం నేల ఉంది, సగం నీళ్లున్నాయి, చేపలున్నాయి, మొక్కలున్నాయి.. మరి కప్ప ఏది బాస్?" అని. కొంతమంది అక్కడితో ఆగరు. ఏ కొట్లో ఏ రంగు కప్ప దొరుకుతుందో, ఎంతకి బేరమాడాలో కూడా చెప్తారు. క్యాంటీన్లో టీ చల్లారే లోపు చెప్పగలిగే జవాబు కాదది. అందుకే ఈ టపా. కాస్త పెద్దదే. శనివారం తీరిగ్గా చదువుకోండి, సోమవారం స్టాండప్ మీటింగులో మాత్రం మళ్లీ నన్ను అడక్కండి :)

తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. అక్వేరియంలో అంతా నీళ్లే. టెర్రేరియంలో మట్టీ మొక్కలే. ఈ రెండిటికీ మధ్యస్తంగా, ఒకే అద్దాల పెట్టెలో కొంత మడుగు, కొంత గట్టు పెట్టి కట్టేదాన్ని పాలుడేరియం అంటారు. లాటిన్లో 'పాలుస్' అంటే చిత్తడి నేల. ఈ పేరు ఫోన్లో మా మామకి చెప్తే, "పాల డైరీనా? నౌకరి ఇడిసిపెట్టినవారా ఏంది?" అని గాభరా పడ్డాడు. మామ అంటే అమ్మ తమ్ముడు. బాన్సువాడ దగ్గర నస్రుల్లాబాద్ పక్కన, నిజాంసాగర్ కాల్వ కింద వరి చేస్తాడు. ఈ టపాలో ఆయన మళ్లీ వస్తాడు, సగం కథ ఆయనదే.

అద్దాల్లో పచ్చదనం పెంచే పిచ్చి కొత్తదేం కాదు. 1829 ప్రాంతంలో లండన్లో నథానియెల్ వార్డ్ అనే డాక్టరు ఒక మూసిన సీసాలో తడి మట్టి వేసి, పురుగు ప్యూపాని పెట్టి చూస్తుంటే, ప్యూపా సంగతి అలా ఉంచి మట్టిలోంచి ఫెర్న్ మొక్క మొలిచింది. దాన్ని చూసే ఆయన మూసిన అద్దాల పెట్టెలు చేయించాడు. తర్వాత రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా నుంచి వేల తేయాకు మొక్కల్ని మన దేశానికి ఓడల్లో తెచ్చింది అలాంటి పెట్టెల్లోనే. మనం క్యాంటీన్లో తాగే టీకీ, నా హాల్లో ఉన్న తొట్టికీ దూరపు చుట్టరికం ఉందన్నమాట.

నాది నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు. నీళ్లు తొమ్మిది అంగుళాలు. గట్టు పోను ఎనభై లీటర్లకి అటూ ఇటూ ఉంటాయి. గట్టు కింద కాల్చిన మట్టి గోళీలు పోసి, దాని మీద దోమతెర పరిచి, ఆ పైన మట్టి వేశాను. చిన్న పంపు నీళ్లని వెనక గోడ పైదాకా ఎత్తుతుంది, అవి మొక్కల వేళ్ల మధ్యలోంచి కారుకుంటూ మళ్లీ మడుగులోకి వస్తాయి. చేపలు వదిలే అమ్మోనియాని బ్యాక్టీరియా మొదట నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ నైట్రేటే మొక్కలకి ఎరువు. నీళ్లలో జావా ఫెర్న్, అనూబియాస్, జావా మాస్ ఉన్నాయి. గట్టు మీద మనీ ప్లాంటు, సరస్వతి ఆకు, ఇంకా పొన్నగంటి కూర. పొన్నగంటి ఎంత బాగా వచ్చిందంటే, పోయిన నెల అమ్మ వచ్చినప్పుడు సగం కోసి పప్పులో వేసేసింది. చేపలు ఎనిమిది జీబ్రా డేనియోలు. ఇవి ప్రపంచంలోని ల్యాబులన్నిటిలో కనిపిస్తాయి గానీ పుట్టిల్లు మన వైపే, వరి మళ్లూ నెమ్మదిగా పారే కాలవలూ వీటి చోటు. కొన్ని నత్తలు కూడా ఉన్నాయి. అంతే. కప్ప లేదు.

కప్పని ఎందుకు పెట్టలేదో చెప్పేముందు, పెట్టినవాడి సంగతి చెప్పాలి. మా టీంలో ఒక కుర్రాడు, పేరెందుకు లెండి, ఇరవై గప్పీలున్న తొట్టిలోకి తెల్లటి బుల్లి కప్పని తెచ్చాడు. "ఇది ఇంతే ఉంటుంది సార్, చేపల్ని ఏమీ అనదు" అని కొట్లోవాడు చెప్పాడట. వారం తర్వాత లెక్కపెడితే గప్పీలు పదిహేడు. ఇంకో నాలుగు రోజులకి పద్నాలుగు. ఒక్క శవం కూడా దొరకలేదు. ఫిల్టర్ విప్పి చూశాడు, పైన మూత బిగించాడు, పనిమనిషిని అడిగాడు, పక్కింటి పిల్లిని అనుమానించాడు. మావాడు టెస్టింగులో దిట్ట, రాత్రి ఫోన్ కెమెరా పెట్టి పడుకున్నాడు. తెల్లారి వీడియో చూస్తే దొంగ ఇంట్లోనే ఉన్నాడు.

ఆ తెల్ల కప్ప ఆఫ్రికా గోళ్ల కప్ప, జెనోపస్ లేవిస్. దీనికి నాలుక ఉండదు. ముందు చేతులతో దొరికినదాన్ని నోట్లోకి తోసుకుంటుంది. చేపలకున్నట్టే ఒంటి పక్కన నీటి కదలికని పసిగట్టే గీత ఉంటుంది కాబట్టి చీకట్లో కళ్లతో పని లేదు. అరచేతి నిండా పెరుగుతుంది, పదిహేనేళ్లు పైబడి బతుకుతుంది. నిజంగానే చిన్నగా ఉండిపోయే ఆఫ్రికా మరుగుజ్జు కప్ప వేరే ఉంది, దాన్ని హైమెనోకైరస్ అంటారు. రెండిటికీ తేడా చూడాలంటే ముందు చేతులు చూడండి. వేళ్ల మధ్య చర్మం ఉంటే మరుగుజ్జు, వేళ్లు విడివిడిగా ఉంటే గోళ్ల కప్ప. ఇంకో ముచ్చట ఏమిటంటే, 1930లలో మొదలై కొన్ని దశాబ్దాల పాటు గర్భ నిర్ధారణ పరీక్షకి ఈ కప్పనే వాడేవారు. ఆడమనిషి మూత్రాన్ని ఆడకప్పకి ఎక్కిస్తే, గర్భం ఉన్నట్టయితే మర్నాటికల్లా కప్ప గుడ్లు పెట్టేది. ప్రపంచమంతా ఆస్పత్రులకి వెళ్లింది అలాగే, తర్వాత అలంకారానికి అక్వేరియం కొట్లలోకి చేరింది.

కప్ప చేపని తినడం ఒక్కటే సమస్య అయితే "పెద్ద చేపని పెడతా" అంటారు. అప్పుడు కథ తిరగబడుతుంది. చేప కప్ప కాలి వేళ్లు కొరుకుతుంది, గుడ్లు పెడితే పొద్దున్నకి మిగలవు. సరే, ఒకరినొకరు తినని జతని వెతికి పట్టుకున్నాం అనుకుందాం. నీళ్ల గొడవ మిగిలే ఉంది. కప్ప నోటితో నీళ్లు తాగదు, చర్మంతో తాగుతుంది, కొంత ఊపిరి కూడా చర్మంతోనే పీలుస్తుంది. నీళ్లలో ఏది ఉంటే అది నేరుగా ఒంట్లోకి పోతుంది. చేపకి తెల్ల మచ్చల జబ్బు వస్తే మనం వేసే రాగి మందులు కప్పకి విషం. ఇళ్లల్లోకి వచ్చే, ఒంటి నిండా బుడిపెలుండే కప్ప ఉంది చూడండి, దాని చర్మంలోనే విషముంటుంది. చెరువులో అయితే అది ఏ మూలకీ చాలదు. ఎనభై లీటర్లలో భయపడి వదిలిందంటే చేపలకి ప్రమాదమే.

ఇక ఆక్సొలాట్ల్ అడిగేవాళ్లు. నవ్వు మొహం, గులాబీ మొప్పలు, పిల్లల కంప్యూటర్ గేముల పుణ్యమా అని ఇప్పుడు పిచ్చి గిరాకీ. మెక్సికోలో ఎత్తు మీదుండే చల్లటి సరస్సుల జీవి అది. నీళ్లు ఇరవై డిగ్రీలు దాటకూడదు. హైదరాబాద్ మే నెలలో మన బాత్రూం కుళాయిలోంచి వచ్చే నీళ్లే ముప్పై దాటుతాయి. చిల్లర్ లేకుండా దాన్ని తేవడమంటే వంట మొదలుపెట్టడమే. పైగా అది సైటిస్ ఒప్పందం జాబితాలో ఉన్న జీవి. అలాంటి విదేశీ జీవుల్ని ఇంట్లో పెట్టుకున్నవాళ్లు నమోదు చేసుకోవాలని 2024 ఫిబ్రవరిలో కేంద్రం నియమాలు కూడా తెచ్చింది. కొట్లోవాడు ఈ సంగతి చెప్పడు, బిల్లు కూడా ఇవ్వడు.

ఇదంతా వింటే "మరి చెరువుల్లో చేపా కప్పా కలిసే ఉంటాయి కదా, అక్కడ కుదిరేది ఇక్కడెందుకు కుదరదు?" అనే ప్రశ్న రావాలి. రాకపోతే మీరు సరిగ్గా చదవట్లేదు. నాకు ఈ ప్రశ్నకి జవాబు దొరికింది పుస్తకాల్లో కంటే మామ పొలంలోనే ఎక్కువ.

నిజాంసాగర్ మంజీర మీద కట్టింది. 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు, నవాబ్ అలీ నవాజ్ జంగ్ దానికి ఇంజనీరు. బాన్సువాడ, బోధన్ వైపు వరి అంతా ఆ నీళ్ల మీద లేచిందే. దాని కాల్వ కింద పల్లపు చోట మామ పొలం. కాల్వ ఊట వచ్చి ఒక మూల ఎప్పుడూ తడిగా ఉంటుంది. అక్కడ నాలుగు గుంటల మడుగు. మా సిటీవాళ్ల కోసం చెప్తున్నా, నలభై గుంటలైతే ఎకరం. మడుగు కింది వైపు నడుము లోతు, ఎండాకాలంలో కూడా అడుగున నీళ్లుంటాయి. పై వైపు మాత్రం పళ్లెంలా వాలుగా ఉంటుంది, తుంగా జమ్మూ మొలుస్తాయి, మార్చి దాటితే నెర్రెలు విచ్చుతుంది. నా తొట్టి నమూనా అసలు అదే. కాకపోతే మామది నాకంటే చాలా ముందు నుంచి ఉంది, కరెంటు బిల్లు రాదు.

తొలకరి వాన గట్టిగా పడ్డ రాత్రి అక్కడ ఉండాలి. బోదురుకప్పలు ఎక్కడి నుంచి వస్తాయో, నేలలోంచే లేస్తాయి. మిగతా ఏడాదంతా బురద రంగులో ఉండే మగకప్ప ఆ కొద్ది రోజులూ నిమ్మపండు రంగులోకి మారిపోతుంది, గొంతు పక్కన రెండు నీలం బుడగలు ఉబ్బుతుంటాయి. పసుపు ముద్దలు అరుస్తున్నట్టుంటుంది. వానలు పట్టకపోతే మా వైపు పిల్లలు రోకలికి కప్పని కట్టి, వేపరెమ్మలు చుట్టి, ఇంటింటికీ తిరిగి నీళ్లు పోయించుకునే కప్పతల్లి ఆట ఎందుకు పుట్టిందో ఆ రాత్రి చూస్తే వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు గమనించాల్సింది ఒకటుంది. ఈ కప్పలు గుడ్లు పెట్టేది లోతు నీళ్లలో కాదు. పై వైపు, అప్పుడే చేరిన చీలమండ లోతు వాన నీళ్లలో. ఎందుకంటే రెండు మూడు నెలలు ఎండిపోయిన చోటది, చేప ఒక్కటీ ఉండదు. గుడ్లు పొదిగి తోకకప్పలు బయటికొస్తాయి. ఆ పిల్లలేం పాపం తెలియనివి కావు. బోదురుకప్ప పిల్లలు మాంసం తింటాయి, పక్క జాతి తోకకప్పల్నీ తింటాయి, తిండి దొరక్కపోతే తోడబుట్టినవాటినీ వదలవు. నెలా నెలన్నరలో కాళ్లొచ్చి గట్టెక్కుతాయి. ఈలోపు వానలు పెరిగి, కాల్వ నిండి, మడుగు పై వైపుకి పొంగుతుంది. అప్పుడు వస్తాయి కింది వైపు నుంచి కొర్రమట్టలు. గాలి కూడా పీల్చగల చేప కాబట్టి వేసవంతా అడుగు బురదలో గడిపేస్తుంది. 2016లో తెలంగాణ రాష్ట్ర చేప అని పేరు కూడా ఇచ్చారు దానికి. నారింజ రంగు పిల్లల గుంపుని వెంటేసుకుని కాపలా కాస్తూ తిరుగుతుంది. దానికి ఎంతో ఇష్టమైన తిండి ఏమిటో మా వైపు గాలం వేసే ఎవర్నడిగినా చెప్తారు. చిన్న కప్పని గాలానికి గుచ్చి నీళ్ల మీద గంతులేయిస్తారు, కొర్రమట్ట ఎగిరి పట్టుకుంటుంది.

అంటే చేపా కప్పా కలిసి ఉంటున్నట్టు మనకి కనిపిస్తాయంతే. ఒకే చోటుని వంతులవారీగా వాడుకుంటున్నాయి. మన భాషలో చెప్పాలంటే రెండు ప్రాసెస్‌లు ఒకే మెమరీని వాడుతున్నాయి, కానీ ఒకే సమయంలో కాదు. లాక్ వేసేదెవరంటే ఎండాకాలం. మే నెలలో ఆ పై వైపు ఎండిపోకపోతే చేప అక్కడే ఉండిపోతుంది, గుడ్డు మిగలదు. కింది వైపు కూడా ఎండిపోతే చేప మిగలదు. ఎండే చోటూ ఎండని చోటూ రెండూ ఉండి, మధ్యలో వాలు ఉండబట్టే రెండూ మిగిలాయి. వరి, చేప కలిపి చేసేవాళ్లు కూడా పట్టుకున్న కిటుకు ఇదే. అరుణాచల్లో అపతానీలు పొలం మధ్యలో కాలవ తవ్వి ఉంచుతారు, నీళ్లు తగ్గినప్పుడు చేపలు అందులోకి దిగుతాయి.

నా తొట్టిలో తొమ్మిది అంగుళాలు అంటే పన్నెండు నెలలూ తొమ్మిది అంగుళాలే. ఎండాకాలం రాదు, లాక్ లేదు. కొర్రమట్ట కంటపడితే గట్టు మీంచి పొలంలోకి దూకి, అక్కణ్ణుంచి పక్కోళ్ల పొలంలోకి పోగలిగే కప్పకి ఇక్కడ దూకితే అద్దం తగులుతుంది. అందుకే నాకు అర్థమైనంతలో ఈ పని రెండు రకాలుగా చెయ్యొచ్చు. చేపలు కావాలంటే చేపలు, మొక్కలు. కప్పలే కావాలంటే చేపలు లేకుండా, నిటారు గట్టు కాకుండా, కప్ప నడిచి దిగి నడిచి ఎక్కగలిగే వాలుతో, తక్కువ నీళ్లు. విదేశాల్లో మనిషెత్తు పెట్టెల్లో పైన చిన్న చెట్టుకప్పల్నీ కింద వేలెడంత చేపల్నీ ఏళ్ల తరబడి పెంచినవాళ్లు లేకపోలేదు. కానీ చూడండి, అక్కడ కూడా కప్ప కొమ్మ మీద, చేప నీళ్లలో, మధ్యలో మూడడుగుల దూరం. కలిపింది తక్కువ, విడదీసింది ఎక్కువ.

"పొలంలో కప్పని తెచ్చుకుంటే డబ్బు కూడా పెట్టక్కర్లేదు కదా" అన్నవాడు కూడా ఉన్నాడు. తేకూడదు. బోదురుకప్ప 1985 నుంచి సైటిస్ జాబితాలో ఉంది. అంతకు ముందు మన దేశం నుంచి ఏటా వేల టన్నుల కప్పకాళ్లు ఓడలెక్కేవి. పొలాల్లో కప్పలు తగ్గి పురుగు పెరిగిందన్న గోల తర్వాత 1987లో ఆ ఎగుమతి ఆపేశారు. గోవాలో ఇప్పటికీ వానాకాలం వచ్చిందంటే అటవీ శాఖవాళ్లు కప్పల్ని పట్టొద్దని హెచ్చరికలు చేస్తుంటారు, అక్కడ దాన్ని 'జంపింగ్ చికెన్' అని తింటారు మరి.

తేవడం ఎంత తప్పో వదలడం అంతకంటే పెద్ద తప్పు. దొంగ దొరికాక మా టీం కుర్రాడు "దగ్గర్లో చెరువుంది, వదిలేస్తా, పుణ్యం" అన్నాడు. బలవంతంగా ఆపాను. కప్పల చర్మానికి పట్టే కైట్రిడ్ అనే బూజు ఉంది, 1999లో దానికి శాస్త్రవేత్తలు పేరు పెట్టారు. 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం దానివల్ల కనీసం 501 ఉభయచర జాతులు తగ్గిపోయాయి, వాటిలో 90 అంతరించాయి. దాన్ని దేశాలు దాటించిన వాటిలో ఈ గోళ్ల కప్పల వ్యాపారం కూడా ఉందని అనుమానం. తనకి ఏమీ కాదు, మోసుకుని తిరుగుతుంది. మనకి కొత్త పాఠం కూడా కాదిది. అక్వేరియం గోడలు నాకి శుభ్రం చేస్తుందని తెచ్చిన సక్కర్ చేప ఇప్పుడు మన తెలుగు జిల్లాల చెరువుల్లో దెయ్యం చేప అయి వలలు చింపుతోంది. అంతెందుకు, మన బోదురుకప్పే అండమాన్‌కి వెళ్తే అక్కడ విలన్. చేపపిల్లలతో పాటు కలిసి వెళ్లి ఉంటుందని పరిశోధకులు అంటారు. అక్కడి కప్పల పిల్లలతో కలిపి పెట్టి చూస్తే వీటి పిల్లలు వాటిని తినేశాయి. ఆ తెల్ల కప్ప ఇప్పుడు మావాడి బాల్కనీలో వేరే తొట్టిలో ఒంటరిగా, దర్జాగా ఉంది. ఇంకో పదిహేనేళ్లు వాడికి తోడు. పెళ్లిచూపుల్లో ముందే చెప్పమన్నాను.

ఇక మామ సంగతి.

2025 ఆగస్టు ఆఖర్లో కామారెడ్డి జిల్లా మీద కురిసిన వాన మీకు గుర్తుండే ఉంటుంది, టీవీల్లో రెండ్రోజులు అదే. మామ పొలం వైపు వరద తీసేసరికి మడుగు పై వైపు మోకాలి లోతు ఒండ్రు చేరింది. ఆ పంట కోతలప్పుడు చైన్ మిషన్ మలుపు తిరుగుతూ ఆ ఒండ్రులో దిగబడింది. ఇంకో ట్రాక్టరు తెచ్చి, తాళ్లు కట్టి లాగేసరికి పూట గడిచింది. మిషన్‌కి కిరాయి గంట లెక్కన. డ్రైవర్ వచ్చే పంటకి ఈ మూలకి రానని మొహమ్మీదే చెప్పాడు. మామ ఫోన్ చేసి, "అల్లుడా, యాసంగి కోతలైనంక మొరం కొట్టిపిస్త. మడుగు పూడిస్తె నాలుగు గుంటలు కలిసొస్తది" అన్నాడు. నన్ను అడగడానికి కాదు, ట్రిప్పుల ఖర్చులో కొంత సర్దమని.

నేను లెక్క వేసి చెప్పాను. ఎకరానికి పాతిక క్వింటాళ్లు అనుకుంటే నాలుగు గుంటలకి రెండున్నర. రెండు పంటలకి అయిదు క్వింటాళ్లు. 2025-26లో ఎ గ్రేడ్ వడ్లకి మద్దతు ధర 2,389 రూపాయలు. ఏడాదికి పన్నెండు వేల లోపు, అదీ పెట్టుబడి తియ్యకముందు. "గంతేనా, గా పన్నెండు వేలకి ఇంత గోస ఎందుకు మామా" అన్నాను. మామ ఒక్క క్షణం ఆగి, "నీ అద్దాల పెట్టెకు ఎంతైంది రా?" అన్నాడు. అద్దం, లైట్లు, ఫిల్టర్, పంపు, మొక్కలు అన్నీ కలిపి నలభై వేలు దాటింది. చెప్పాను. "మూడేండ్ల వడ్లు" అన్నాడు. ఇంకేం మాట్లాడను!

అక్కడితో ఆగలేదు ఆయన. "నువ్వుండే తావుకు నీళ్లు ఏడికెల్లి వస్తయి?" అని అడిగాడు. నేనుండేది బీహెచ్‌ఈఎల్ దాటాక, సింగూరు మంజీర నీళ్ల పైపులైన్లు వచ్చే వైపు. సింగూరు నిజాంసాగర్‌కి ఎగువన, అదే మంజీర మీద 1980ల చివర్లో తయారైంది, హైదరాబాద్ తాగునీటి కోసం. ఎగువన నీళ్లు ఆగితే కింద నిజాంసాగర్‌కి వచ్చేది తగ్గుతుందన్నది మా వైపు రైతుల పాత బాధ. "మా మడుగుల పడాల్సిన నీళ్లే నువ్వు పెట్టెల పోస్కున్నవ్, మల్ల మడుగు పూడ్చొద్దని నాకే చెప్తున్నవ్" అని నవ్వాడు. నిజమే. నేనైతే ఆ నీళ్లలో క్లోరిన్ పోవడానికి రెండు చుక్కల థయోసల్ఫేట్ కూడా వేస్తాను.

రెండు వారాలు ఇలా ఫోన్లలో నడిచాక మామే మెట్టు దిగాడు. మొత్తం పూడ్చనన్నాడు. లోతు వైపు రెండు గుంటలు ఉంచుతాడు, దసరాకి ఇంట్లోకి కొర్రమట్టలు అక్కడివే కదా. పై వైపు రెండు గుంటలు మాత్రం మొరం వేసి ఎత్తు చేస్తాడు, మిషన్ తిరగడానికి. "సగం నీ మాట, సగం నా మాట, ఖుషీనా?" అన్నాడు.

వినడానికి న్యాయంగానే ఉంది. ఇంతసేపూ చదివిన మీకు తెలుస్తూనే ఉంటుంది తిరకాసు. పై వైపు పోతే వాలు పోతుంది, ఎండే చోటు పోతుంది. మిగిలేది పన్నెండు నెలలూ నీళ్లుండే గొయ్యి. అచ్చం నా తొట్టే. చేపలుంటాయి, కప్పలకి గుడ్లు పెట్టే చోటుండదు. విస్తీర్ణంలో సగం పోయినా కప్పల వైపు నుంచి చూస్తే మొత్తం పోయినట్టే.

ఇది చెప్తే మామ, "కప్పలకు ఇంత పొలం లేదా? అంతా చీలమండ లోతు నీళ్లే గద" అన్నాడు. మంచి ప్రశ్న, నేను చాలాసేపు ఆలోచించాల్సి వచ్చింది. తర్వాత తోచింది. తోకకప్పలు నీళ్లలో ఉండే నెలా నెలన్నరలోనే పొలంలో కరిగెట దున్నుతారు. కేజ్‌వీల్స్ ట్రాక్టరు రెండు మూడు సార్లు తిరుగుతుంది. నాటు పడగానే గడ్డి మందు, ఇంకొన్నాళ్లకి గుళికలు. మా మామ చిన్నప్పుడు ఎడ్లతో దున్నేవాళ్లు, గుళికలు లేవు. అప్పుడు పొలమంతా కప్పలదే. ఇప్పుడు ట్రాక్టరు తిరగని, మందు పడని జాగా ఆ పై వైపు రెండు గుంటలే. మామ కాదనలేదు. "కప్పలు పురుగును తింటయని నీకు చెప్పిందే నేను రా. కప్పల మీద నాకేం పగ? కోతలప్పుడు నా బాధ నాది. మిషనోడు రానంటే కూలోళ్లు యాడున్నరు?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. వరి కొయ్యడానికి మనుషులు దొరకని ఊళ్లో చైన్ మిషన్ రాని పొలం కౌలుకి కూడా ఎవరూ తీసుకోరు. గచ్చిబౌలిలో ఏసీలో కూర్చుని కప్పల వకాల్తా పుచ్చుకోవడం నాకు తేలికే.

పొలం పాత నక్షా ఫోన్లో పంపమంటే మరదలు పంపింది. దాన్ని ముందేసుకుని కొలతలు వేశాను. మిషన్ మడుగు వైపు మలుపు తిరగడానికి కారణం, అటు పక్క గట్టు వంకరగా ఉండటం. ఆ వంకర మూలలో ఒకటిన్నర గుంట గడ్డి మొలిచిన ఎత్తు జాగా ఊరికే పడి ఉంది. గట్టు సరిచేసి ఆ మూలని చదును చేస్తే మిషన్ అటే తిరగొచ్చు, మొరం కూడా సగం చాలు, మడుగు పై వైపు ముట్టుకోనక్కర్లేదు. ఒండ్రు మాత్రం కొంత తియ్యాలి, దాన్ని పొలంలోనే చల్లుకోవచ్చు. ట్రిప్పుల ఖర్చు నేను పెట్టుకుంటానన్నాను. మామ "కాయితం మీద మంచిగనే ఉంటది, ఆడ పక్కోళ్ల తూము ఉన్నది, గట్టు జరిపితె వాళ్లు ఊకుంటరా?" అన్నాడు. నక్షాలో తూము లేదు.

పక్క పొలం వాళ్లు మామకి వరసకి బాబాయి అవుతారు. మాటలు ఉన్నాయి, కానీ నీళ్ల దగ్గర మాత్రం ఎవరిది వారిదే. వచ్చే ఆదివారం టేపూ, లెవల్ పైపూ పట్టుకుని పొద్దున బస్సుకి వెళ్తున్నాను. ముందు ఆ తూము ఎంత ఎత్తులో ఉందో చూడాలి, తర్వాత ఆ తాతతో మాట్లాడాలి. మొరం ట్రాక్టరతనికి మామ చెప్పిన తేదీకి ఇంకా పన్నెండు రోజులుంది.